ఓడిపోయినా చేతిలో ఏం మిగులుతుంది? రచనల పోటీలా, కాలేజీ ఎస్సేనా: ఏది మేలు?

మా అక్క కూతురు హైదరాబాద్‌లో, మా అబ్బాయి ఇక్కడ డల్లాస్ దగ్గర, ఇద్దరూ పదకొండో తరగతి. ఇద్దరికీ రాయడమంటే ఇష్టం, ఇద్దరి చూపూ అమెరికాలో సీటు దొరకడం బాగా కష్టమైన కాలేజీల మీదే. హార్వర్డ్ లాంటి చోట వందమంది అప్లై చేస్తే నలుగురైదుగురికి మించి సీటు రావట్లేదు కాబట్టి వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. "పిన్నీ, ఏ పోటీకి పంపితే అడ్మిషన్‌కి పనికొస్తుంది?" అని తను అడగని వారం లేదు. ఆ ప్రశ్న పట్టుకుని నేనూ కూర్చుని పోటీల రూల్సు చదివాను, పిల్లలిద్దరి చేత కొన్నింటికి పంపించాను కూడా.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. ఇక్కడ చాలా కాలేజీలు తీసుకునే కామన్ యాప్ అనే ఉమ్మడి అప్లికేషన్ ఫారంలో అవార్డులు రాయడానికి ఐదు గళ్లు ఉంటాయి, ఒక్కోదానికి 100 అక్షరాలు. పోటీలో గెలిస్తే అక్కడ ఒక లైను పడుతుంది. అదే ఫారంలో సొంత ఎస్సేకి 650 పదాల దాకా చోటు ఉంది, ఈ పిల్ల ఎలా ఆలోచిస్తుంది, దేని గురించి బాధపడుతుంది అన్నది చదివేవాళ్లకి తెలిసేది అక్కడే. ఎంఐటీకి కామన్ యాప్ లేదు, తన సొంత ఫారంలో చిన్న చిన్న ఎస్సేలు కొన్ని అడుగుతుంది. అందుకే పోటీయా ఎస్సేయా, ఒక్కటే చెప్పమంటే నేను తడుముకోకుండా ఎస్సే అంటాను.

అలా అని పోటీలు మానేయమనడం లేదు. ఆ 650 పదాలు పన్నెండో తరగతి అక్టోబర్‌లో కూర్చుంటే ఊడిపడవు, అంతకు ఏడాది ముందు నుంచి రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన అలవాటు ఉండాలి. పోటీ నిజంగా పనికొచ్చేది ఆ అలవాటుకే. పంపినవాళ్లలో ఎక్కువమంది గెలవరు కాబట్టి, పోటీని ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: ఓడిపోతే పిల్లల చేతిలో ఏం మిగులుతుంది?

మా అబ్బాయికి స్కలాస్టిక్ ఆర్ట్ అండ్ రైటింగ్ అవార్డ్స్ సరిపోయింది. 1923 నుంచి నడుస్తున్న పోటీ ఇది, సిల్వియా ప్లాత్, ట్రూమన్ కపోటీ లాంటి పేరున్న రచయితలు స్కూల్లో ఉండగా ఇందులో గెలిచారు. 7 నుంచి 12 తరగతుల వాళ్లు పంపొచ్చు, కథ, కవిత, వ్యాసం, హాస్యం, ఏదైనా సరే, ఇచ్చిన టాపిక్ మీదే రాయాలన్న నిబంధన లేదు. ఫీజు కొద్దిగా ఉంటుంది, కట్టలేనివాళ్లకి మినహాయింపు కూడా ఉంది. ముందు ప్రాంతాల వారీగా గోల్డ్ కీ, సిల్వర్ కీ, ఆనరబుల్ మెన్షన్ ఇస్తారు, గోల్డ్ కీ వచ్చినవి దేశస్థాయికి వెళ్తాయి. ఏమీ రాకపోయినా మనకి నచ్చినట్టు రాసుకున్న కథ మన దగ్గరే ఉంటుంది. నా కొలతలో దీనికి మంచి మార్కులు పడేది ఇందుకే.

కానీ తేదీలు చూసుకోండి, చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరబడుతున్నారు. దీనికి పంపడానికి గడువు ప్రాంతాన్ని బట్టి డిసెంబర్, జనవరిలలో ఉంటుంది, దేశస్థాయి ఫలితాలు మార్చిలో వస్తాయి. కాలేజీ అప్లికేషన్లేమో ముందుగా వేసేవాళ్లకి నవంబర్ 1, మామూలుగా అయితే జనవరి మొదట్లో. అంటే పన్నెండులో పంపి గెలిచినా ఆ మాట అప్లికేషన్‌లో రాయడానికి ఉండదు, తర్వాత విడిగా మెయిల్ పెట్టుకోవడమే. పంపేది పదో తరగతిలోనో పదకొండులోనో పంపాలి.

ఇంకో సంగతి, ఇది అమెరికా, కెనడాల్లో చదివేవాళ్లకీ బయటి దేశాల్లో ఉన్న అమెరికన్ స్కూళ్ల పిల్లలకీ మాత్రమే. హైదరాబాద్‌లో సీబీఎస్ఈ చదివే మా అమ్మాయికి, అంటే మా అక్క కూతురికి, అర్హత లేదు. కథ రాసేసి, పోర్టల్ తెరిచాక ఈ సంగతి తెలిసి తను ఏడ్చింది. రూల్సు ముందే చదివి చెప్పలేకపోయానని నాకు ఇప్పటికీ బాధే.

ఇండియాలో ఉన్న పిల్లలకు దారులు లేకపోలేదు. కవితలు రాసేవాళ్లకి బ్రిటన్ పొయెట్రీ సొసైటీ పెట్టే ఫోయిల్ యంగ్ పొయెట్స్ ఉంది, 11 నుంచి 17 ఏళ్ల వాళ్లు ఏ దేశం నుంచైనా ఫీజు లేకుండా పంపొచ్చు, ఏటా వందమందిని ఎంచుతారు. జూలై ఆఖరుకి పంపాలి, నవంబర్‌లోపే ఫలితం తెలిసిపోతుంది కాబట్టి పన్నెండో తరగతి వాళ్లకీ పనికొస్తుంది. కామన్వెల్త్ ఎస్సే పోటీ 1883 నాటిది, అదీ ఉచితమే. కాకపోతే అందులో ప్రతి ఏడూ ఒక అంశం ఇస్తారు, దాని మీదే రాయాలి, గెలవకపోతే ఆ రచన ఇంకోచోట వాడుకోవడం కొంచెం కష్టం. జాన్ లాక్ ఎస్సే పోటీ ఆక్స్‌ఫర్డ్ నుంచి నడుస్తుంది, అయినా అది ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ పోటీ కాదు, ఈ తేడా పిల్లలకు ముందే చెప్పండి. ఎకనామిక్స్, ఫిలాసఫీ లాంటివి చదవాలనుకునేవాళ్లకి వాదన కట్టడం మంచి సాధనే, కథలు రాసే పిల్లల్ని మాత్రం పేరు చూసి అందులోకి తోయకండి.

ఇక డబ్బు కడితే ఫైనలిస్ట్ అనే పోటీల గురించి. పోయినేడు మా అమ్మాయికి ఒక చోటి నుంచి మెయిల్ వచ్చింది, నువ్వు ఎంపికయ్యావు, పుస్తకంలో వేస్తాం, సర్టిఫికెట్‌కి ఇంత, కాపీలకి ఇంత అని. మా అక్క కట్టేసింది. పుస్తకం చూస్తే మూడొందల పేజీలు, పంపినవాళ్లందరూ అందులో ఉన్నట్టే అనిపించింది. తన రచన బాగుందో లేదో చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. ఎంచుకున్న తర్వాత డబ్బులడిగే పోటీ ఏదైనా నేను వద్దనే అంటాను. ఆ డబ్బుతో మంచి పుస్తకాలు పది వస్తాయి.

నేను మనస్ఫూర్తిగా పంపమనేది ద కాంకార్డ్ రివ్యూకి. ఇది పోటీ కాదు, స్కూలు పిల్లలు రాసిన చరిత్ర వ్యాసాలు వేసే పత్రిక, 1987లో మొదలైంది, ఏ దేశం వాళ్లైనా పంపొచ్చు. పంపినవాటిలో వేసుకునేది చాలా తక్కువ, ఫీజు కూడా స్కలాస్టిక్ కన్నా బాగా ఎక్కువ, ఫుట్‌నోట్లతో వేల పదాలు రాయాలి, నెలల పని. వారాంతంలో అయ్యేది కావాలంటే ఇటు రావద్దు. జేఈఈ కోచింగ్‌లో ఉన్న పిల్లలకైతే అసలు వద్దు, అక్కడ ఈ రాతలు లెక్కలోకే రావు, నిద్ర పాడుచేసుకోవడం తప్ప లాభం లేదు.

మా అమ్మాయి 1908 మూసీ వరదల మీద రాస్తోంది. అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆసుపత్రిలో చింతచెట్టు ఉంది కదా, వరదలో ఆ చెట్టెక్కి సుమారు నూటయాభై మంది బతికారని చెప్తారు, చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ దగ్గర విన్న ఆ మాటతో మొదలుపెట్టింది. తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించడం, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టడం, అలా విషయం పెరుగుతూ పోయింది. నిజాం కాలం కాగితాలు ఉర్దూలో ఉన్నాయి, తనకి ఉర్దూ రాదు. వీధి చివర ఉండే రిటైర్డ్ టీచర్ గారిని బతిమాలుకుంది, ఆయన చదివి అర్థం చెప్తుంటే తను నోట్సు రాసుకుంటోంది. మొన్న కామన్ యాప్ ఎస్సే మొదటి డ్రాఫ్ట్ పంపింది, చదివితే అందులో అవార్డుల ఊసే లేదు, ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ వరదలో పోయిన మనుషుల జాబితాని గట్టిగా చదవడం, మధ్యలో ఆగిపోవడం, తను ఏం అడగాలో తెలియక మంచినీళ్లు తెచ్చివ్వడం, అంతా అదే ఉంది.

చరిత్ర వ్యాసం ఇంకా సగంలోనే ఉంది. ఫీజు కట్టి పంపుదామా వద్దా అన్నది డిసెంబర్‌లో చూద్దామన్నాను. ఆదివారం ఆదివారం మాత్రం ఆయన దగ్గరికి వెళ్తూనే ఉంది.