కాలనీకి ఏది మేలు: కెమెరాలా, వాచ్‌మనా, వీధి దీపాలా?

వనస్థలిపురం వైపు మా కాలనీలో మళ్లీ మీటింగ్ పెట్టుకున్నాం. విషయం ఒక్కటే: అసోసియేషన్ దగ్గరున్న కాస్త డబ్బు సీసీ కెమెరాలకు పెట్టాలా, రాత్రి వాచ్‌మన్‌కా? కుర్రాళ్లంతా కెమెరాలే అన్నారు. నేను ఒప్పుకోలేదు.

కెమెరా దండగ అని నేననను. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. ఆ ఏడాదే ప్రజా భద్రత చట్టం వచ్చింది: వంద మంది, అంతకు పైగా చేరే చోట్ల కెమెరాలుండాలి, రికార్డింగ్ 30 రోజులు దాచాలి. తర్వాత పోలీసుల 'నేను సైతం' కార్యక్రమం కింద కాలనీలే చందాలేసుకుని పెట్టించుకున్నాయి. దొంగ బండి ఏ సందులోంచి ఏ మెయిన్ రోడ్డెక్కిందో కెమెరా తర్వాత కెమెరా చూసుకుంటూ పోతే తెలుస్తుంది. ఎంత మంచి వాచ్‌మన్ వల్లయినా ఆ పని కాదు.

కానీ రెండేళ్ల కిందట డిసెంబరులో, తెల్లవారుజామున ఐదున్నరకు, మా ఎదురింటి ఆంటీ ముగ్గేస్తుంటే మెడలో గొలుసు తెంపుకుపోయారు. ఫుటేజీ తీస్తే తెరంతా తెల్లటి మసక. స్టూలేసుకుని ఎక్కి చూస్తే కెమెరాకు అడ్డంగా సాలెగూడు. చీకట్లో కెమెరా వెలిగించుకునే లైట్లకు పురుగులొస్తాయి, వాటికోసం సాలీడు చేరుతుంది. చీపురుతో ఒక్కసారి దులిపితే పోయేది. దులపడం ఎవరి పనో మేమెప్పుడూ అనుకోలేదు. ఆంటీ ఇప్పటికీ మెడ చుట్టూ కొంగు కప్పుకునే గేటు తీస్తారు.

కెమెరా జరిగింది చూపిస్తుంది. వాచ్‌మన్ జరగకముందే "ఎవరది?" అని అడుగుతాడు. సంక్రాంతికి అందరూ ఊళ్లకు పోతే తాళమేసిన గేటు ముందు పేపర్లు, పాల ప్యాకెట్లు పడి ఉంటాయి. ఇంట్లో ఎవరూ లేరని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి? అవి తీసి పక్కన పెట్టేది మనిషే. కాకపోతే జీతం నెలనెలా కావాలి, మూడో నెలకే కొన్ని ఇళ్లు ఎగ్గొడతాయి. కూర్చోడానికి గది, ఫ్యాను, బాత్రూం కూడా ఇవ్వకుండా, నిద్రపోయాడని వాచ్‌మన్‌ను తిట్టడం అన్యాయం.

ఇక పార్కు వెనక సందు. దీపం పోయి నెలలైంది. అక్కడ గంజాయి తాగుతున్నారని, వాళ్లు బస్తీ పిల్లలని మీటింగ్‌లో ఒకరన్నారు. నేను వెళ్లి చూశాను. అందులో ఇద్దరు మన కాలనీ పిల్లలే, ఒకడు ఇంటర్ తప్పి ఇంట్లో మాట పడలేక అక్కడ కూర్చుంటున్నాడు. వాడి ముఖానికి కెమెరా పెట్టి ఏం సాధిస్తాం? దీపం వెలిగి, సాయంత్రం నలుగురు అటు నడిస్తే ఆ అడ్డా లేచిపోతుంది. వాడితో కూర్చుని మాట్లాడే పెద్దమనిషి మాత్రం విడిగా కావాలి.

ఫోన్లో 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరించి డబ్బు లాగేవాళ్లను ఈ మూడూ ఆపలేవు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని ప్రతి గుమ్మంలో చెప్పాల్సిందే.

నా ఓటు ముందు దీపాలకు, తర్వాత వాచ్‌మన్‌కి. మిగిలిన డబ్బుతో కాలనీకి వచ్చే రెండు దారుల్లో మాత్రం కెమెరాలు. నెలనెలా మొదటి ఆదివారం వాటిని దులిపే పని నా పేరున రాయించుకున్నాను.