ఐరిస్ కుండీలతో అరకు, లంబసింగి: ఎక్కడ దిగితే మంచిది

మబ్బులు చూడాలంటే లంబసింగి, కుండీలు పెట్టుకోవాలంటే అరకు. రెండు చోట్లా ఉండి చూశాక నా లెక్క ఇదే.

కుండీలేంటంటారా? ఐరిస్ రెటిక్యులేటా అని టర్కీ, కాకసస్, ఇరాన్ కొండల్లో చలికాలం వెళ్లిపోతుండగా పూసే చిన్న దుంప మొక్క. పువ్వు జానెడు ఎత్తు కూడా ఉండదు, ముదురు ఊదా రంగు, కింది రేకుల మీద పసుపు చార. దుంప చిన్న ఉల్లిపాయంత, దానిమీద వల అల్లినట్టు పీచు పొర. చిక్కల్లా చలితోనే. 10, 12 వారాలు చలిలో ఉంటే గానీ పూయదు, మన వైజాగ్‌లో ఎంత చలికాలమైనా అంత చలి ఎక్కడిది? అందుకని సగం మట్టి, సగం గరుకు ఇసుక కలిపి, నీళ్లు నిలవని చిన్న కుండీల్లో నాటి, కుండీలతో సహా ఫ్రిజ్‌లో పెట్టాను. పాత ఫ్రిజ్ ఒకటి ఖాళీగా ఉంది కాబట్టి ఇంట్లో గొడవ కాలేదు. అందులో ఆపిల్స్, అరటిపళ్లు మాత్రం పెట్టకూడదు, పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకి లోపలి మొగ్గ పాడైపోతుంది.

మొలకలు పైకొచ్చాక వైజాగ్ వేడికి పూత నిలవదేమోనని, వాటిని తీసుకుని డిసెంబరు చివర్లో కొండలకి ప్రయాణం. ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే చేపల థర్మాకోల్ డబ్బా కడిగి ఆరబెట్టి అందులో సర్దితే కుండీలు ఒరగలేదు, చల్లదనమూ పోలేదు. అరకుకి కిరండూల్ రైల్లో విస్టాడోమ్ (అద్దాల పైకప్పు, పెద్ద కిటికీలు ఉండే) పెట్టె ఎక్కాం. కాళ్ల దగ్గర చోటు బాగుంది, సొరంగాలు వచ్చినప్పుడల్లా పిల్లల కేకలు, బొర్రా దాకా కిటికీ వదలబుద్ధి కాదు. సెలవు రోజుల్లో టికెట్ దొరకడమే కష్టం, ముందే చేసుకోండి.

అరకులో మేం దిగిన చోట గది మామూలే, దుప్పట్లు పల్చన, కానీ ముందు తూర్పు వరండా ఉంది. ఉదయం ఎండ తగులుతుంది, మధ్యాహ్నం నీడ. తోటమాలి కుండీలు చూసి "ఇదేటమ్మా, ఉల్లిపాయలు పెంచతన్నారా?" అని నవ్వాడు, అయినా చూసుకుంటానన్నాడు. కొన్ని అతని దగ్గరే వదిలేశాం. పద్మాపురం గార్డెన్స్ ఓ గంట చాలు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైనికులకి కూరగాయల కోసం మొదలైన తోట అది, కాబట్టి ఈ నేలకి చలి పంటలు కొత్త కాదు.

లంబసింగికి నర్సీపట్నం మీదుగా కారులో వెళ్లాం. చలి అరకు కంటే ఎక్కువే, తెల్లవారుజామున దగ్గర్లోని చెరువులవేనం కొండ మీంచి మబ్బులు చూస్తే డబ్బులు వచ్చేసినట్టే. టెంటు బస మాత్రం నాకు నచ్చలేదు. వేడినీళ్లు ఎప్పుడూ ఉంటాయని చెప్పి పొద్దున్న తలా ఒక బకెట్ ఇచ్చారు, ఆదివారం కార్ల వరసలో గంటలు పోయాయి. పైగా మంచు విడేసరికి బాగా పొద్దెక్కుతుంది, అప్పటిదాకా కుండీలు తడితడిగానే. అక్కడే ఒక మొగ్గకి బూజు పట్టింది, మిగిలినవి వెనక్కి తెచ్చేశాను.

సంక్రాంతి దాటాక మళ్లీ అరకు వెళ్తే వరండా కుండీలు పూసి ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే గానీ తెలియని సన్నటి వాసన. వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ మేడ మీద ఉంచినవాటికి ఆకులు పొడుగ్గా సాగాయి, మొగ్గలు ఎండిపోయాయి. పూసిన దుంపలకి ఆకు పసుపెక్కేదాకా నీళ్లు పోసి, తర్వాత తవ్వి పొడిగా దాచాలి, లేకపోతే మన వర్షాకాలానికి కుళ్లిపోతాయి. దాచినా చిన్న పిల్లదుంపలుగా చీలిపోతుంటాయి, అవి పూతకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది, ఏటా కొత్తవి కొనుక్కోవడమే తేలిక.

కుండీలతో వెళ్లేవాళ్లు బుక్ చేసేముందు ఫోన్‌లో రెండే అడగండి: వరండా తూర్పు వైపుందా, రోజూ ఉండే తోటమాలి ఉన్నాడా. ఏసీ, టీవీ సంగతి తర్వాత.