వర్క్ ఫ్రమ్ హోమ్ సెటప్ పెడతామనే వాళ్ళతో జాగ్రత్త, మా ఆఫీసు డేటా మొత్తం పోయింది

మన ట్యాక్స్ గ్రూపుల్లో "వర్క్ ఫ్రమ్ హోమ్ ఫుల్ సెక్యూరిటీ" అని రోజూ ఆఫర్ మెసేజ్‌లు పెడతారే, వాళ్ళే. సర్వర్, వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు సర్వర్‌కి వేరేవాళ్ళు దూరకుండా వేసే రహస్య దారి), యాంటీవైరస్, రోజూ బ్యాకప్, అన్నీ కలిపి రూ.1,80,000 తీసుకున్నారు. మాది విజయవాడ, స్టాఫ్ తొమ్మిది మందిలో ఆరుగురు తెనాలి, గుడివాడ, ఏలూరు వైపు ఇళ్ళ నుంచే పని చేస్తారు.

సోమవారం పొద్దున్నే తెనాలి అమ్మాయి ఫోన్. "సార్, ట్యాలీలో కంపెనీలు ఒక్కటీ కనబడట్లేదు" అంది. ట్యాలీ అంటే మేం లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్, అందులో ఒక్కో క్లయింటు లెక్కలు ఒక్కో కంపెనీగా ఉంటాయి. వెళ్ళి చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా ఏవో పిచ్చి అక్షరాలు, డెస్క్‌టాప్ మీద ఒక నోట్‌ప్యాడ్ ఫైలు, బిట్‌కాయిన్‌లో డబ్బు కడితే తెరుస్తామని. కాళ్ళూ చేతులూ ఆడలేదు. బ్యాకప్ ఉందిలే అని ధైర్యం తెచ్చుకున్నాను, తీరా ఆ డిస్కు రాత్రీ పగలూ అదే సర్వర్‌కి పెట్టి ఉంచారు, అదీ పోయింది.

వాళ్ళకి ఫోన్ చేస్తే ఏమన్నారో తెలుసా? "బ్యాకప్ తీయడం వరకే మా పని సార్. మీ తెనాలి మేడమ్ ఏదో లింక్ నొక్కి ఉంటుంది, ఆవిణ్ణి అడగండి." ఆ అమ్మాయి అదే కాల్‌లో ఉంది. ఏడ్చేసింది. నాకు ఇప్పటికీ కడుపు మండుతున్నది ఎందుకంటే, నేనూ ఆ మాట నమ్మి "ఏం నొక్కావమ్మా" అని అడిగాను.

సాయంత్రం తెలిసిన టెక్నీషియన్ వచ్చి సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్, అంటే ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో రాసి ఉంచే చిట్టా, తెరిచి చూపించాడు. శనివారం రాత్రి నుంచి 4625, 4625, 4625, అంటే తప్పు పాస్‌వర్డ్ అని, ఎంత కిందికి లాగినా అయిపోదు. ఆదివారం తెల్లవారుజామున 3:12కి ఒక 4624, అంటే పాస్‌వర్డ్ సరిపోయిందని. లోపలికి వచ్చేశారు. వీపీఎన్ అసలు పెట్టనే లేదు. రౌటర్‌లో 3389 పోర్టు, అంటే దూరం నుంచి సర్వర్ స్క్రీన్ తెరిచే రిమోట్ డెస్క్‌టాప్ దారి, నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచేసి, అడ్మిన్ పాస్‌వర్డ్‌గా మా ఆఫీసు పేరు, పక్కన 123 పెట్టారు. ఆ అమ్మాయి తప్పు ఆవగింజంత కూడా లేదు. ఏడాదిగా వీపీఎన్ లాగిన్ ఒక్కసారీ అడగకపోతే నాకే అనుమానం రావాల్సింది, పని తేలిగ్గా అవుతోందని ఊరుకున్నాను. ఇవన్నీ స్క్రీన్ మీద ఫొటోలు తీసి పంపాక వాళ్ళు నా నంబరు బ్లాక్ చేశారు.

వాళ్ళ దగ్గర తీసుకున్నవాళ్ళు ఇవాళే రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ చూడండి, 3389 ఉంటే తీసేయించండి. పోర్టు నంబరు మార్చాం చాలంటే ఒప్పుకోకండి, స్కాన్ చేసి పట్టేస్తారు. వీపీఎన్, దానికి ఓటీపీ ఉండాల్సిందే. ఒక బ్యాకప్ డిస్కు కాపీ అవ్వగానే పీకి బీరువాలో పెట్టండి, అప్పుడప్పుడూ అందులోంచి ఒక కంపెనీ తెరిచి చూడండి, నేను ఒక్కసారీ చూడలేదు. ఇలాంటిది జరిగితే 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కి (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) చెప్పాలని 2022 నుంచి రూల్ ఉందట, నాకు మర్నాడు తెలిసింది.

డబ్బు కట్టలేదు. 11వ తేదీకి క్లయింట్ల జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్ను) వేయాలి, వాళ్ళ దగ్గర బిల్లు బుక్కులు తెచ్చి మళ్ళీ మొదటి నుంచీ ఎంట్రీలు కొడుతున్నాం. తెనాలి అమ్మాయి కూడా పొద్దున్నే రైలెక్కి వచ్చి కూర్చుంది. ఆమె మొహం చూసి మాట్లాడలేకపోతున్నాను.