పదిహేడేళ్ల తర్వాత మళ్లీ బండి: క్లాసిక్ 350 మేలా, యూనికార్న్ మేలా?

350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది 2025 సెప్టెంబరులో. అప్పటి నుంచి ఎవరో ఒకరు నన్ను ఈ ప్రశ్న అడగని వారం లేదు. అడిగేవాళ్లు దాదాపు అందరూ నా ఈడువాళ్లే. ఉద్యోగం కొత్తలో బండి నడిపి, పిల్లలు పుట్టాక కారు కొని, బండి అమ్మేసినవాళ్లు. ఇప్పుడు పిల్లలు పైచదువులకు వెళ్లిపోయారు. చేతిలో కాస్త డబ్బుంది, మనసు మళ్లీ బండి మీదికి పోతోంది. నేరుగా బుల్లెట్ కొనేయడమా, చిన్న బండితో మొదలుపెట్టడమా?

నేను 2007లో స్ప్లెండర్ అమ్మేశాను. 2024 చివర్లో మళ్లీ బండెక్కాను. మొదటి మూడు వారాలు మా బావమరిది రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 నడిపాను, తర్వాత హోండా యూనికార్న్ కొన్నాను. ఇప్పటికీ నెలకోసారి ఆ క్లాసిక్ తెచ్చుకుంటాను. అందుకే రెండింటి సంగతీ చెప్పగలను.

అందరూ పికప్, మైలేజీ, సౌండు గురించే అడుగుతారు. చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చేవాళ్లకు వీటన్నిటికన్నా ముఖ్యమైంది ఒకటుంది. బండి ఆగి ఉన్నప్పుడు దాని బరువు మన కాళ్లకు ఎంత తెలుస్తుంది అన్నది. క్లాసిక్ 195 కిలోలు, యూనికార్న్ 140. తేడా 55 కిలోలు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండింటికన్నా ఎక్కువే. సీటు ఎత్తులో మాత్రం పెద్ద తేడా లేదు, అది 805 మిల్లీమీటర్లు, ఇది 798. కాళ్లు రెండింటి మీదా ఒకేలా ఆనుతాయి. ఆ కాళ్ల మీద పడే భారమే వేరు.

రోడ్డెక్కి ముప్పై దాటితే ఆ బరువు మాయమైపోతుంది. షోరూమ్ వాళ్లు ఇచ్చే టెస్ట్ రైడ్‌లో మనకు తెలిసేది అదే. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తెలిసింది వేరు. ర్యాంప్ కింద గోడకు ముందు చక్రం ఆనేలా బండి పెట్టాను. పొద్దున తీయబోతే నేల గోడవైపు వాలుగా ఉంది, బండిని వెనక్కి లాగాలి. సీటు మీద కూర్చుని రెండు కాళ్లతో నెట్టాను, కదల్లేదు. దిగి హ్యాండిల్ పట్టుకుని లాగాను, అంగుళం వచ్చి మళ్లీ ముందుకు జారింది. మూడోసారి లాగేటప్పుడు బండి అవతలి పక్కకు, నాకు అందనివైపు ఒరిగింది. పాతికేళ్ల వయసులో అయితే దాన్ని నడుముతో ఆపేసేవాణ్ణి. ఆ రోజు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి పట్టుకోబట్టి పడలేదు. యూనికార్న్‌ను అదే చోట పెట్టి అదే వాలులో ఒక్కణ్ణే వెనక్కి తీస్తున్నాను.

రెండో సంగతి వెనక కూర్చునే మనిషిది. మా ఆవిడ చీరలో ఒకవైపుకు కూర్చుంటుంది. ఆమె ఎడమ కాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టి పైకి లేచే ఆ ఒక్క క్షణం మనిషి బరువంతా ఎడమవైపే ఉంటుంది. బండి కూడా దానితో ఎడమకు వాలుతుంది. ఆ క్షణాన్ని మన ఎడమ కాలు ఒక్కటే మోయాలి. కాలి కింద ఇసుకో కంకరో ఉంటే ఇక అంతే. క్లాసిక్ మీద ప్రతిసారీ నాకు టెన్షన్‌గా ఉండేది, ఆ టెన్షన్ ఆమెకూ తెలిసిపోయేది. బండి మీద పడిపోవడాలు ఎక్కువగా వేగంలో కాదు, ఇలాంటి చోట్లే: యూటర్న్, పెట్రోలు బంకు, సిగ్నల్ దగ్గర వాలు. పదిహేడేళ్లలో మనం మరిచిపోయేది కూడా ఈ నెమ్మదైన పనులే. హాఫ్ క్లచ్ మీద వెనక బ్రేకును కొద్దిగా నొక్కి పట్టి, నడక వేగంలో బండి తిప్పడం నాకు తిరిగి రావడానికి దాదాపు నెల పట్టింది.

క్లాసిక్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చేవెళ్ల మర్రిచెట్ల కింద నుంచి అనంతగిరి వెళ్లే దారిలో, డెబ్బై మీద, ఐదో గేర్‌లో ఆ బండి ఇచ్చే నిదానం యూనికార్న్ ఇవ్వలేదు. ఎదురుగా లారీ పోయినప్పుడు గాలి కొడితే క్లాసిక్ చలించదు, యూనికార్న్ కాస్త పక్కకు జరిగినట్టు అనిపిస్తుంది. 2021లో వచ్చిన కొత్త ఇంజిన్‌తో పాత వణుకు కూడా చాలావరకు పోయింది. బ్రేకుల్లో కూడా దానిదే పైచేయి: రెండు చక్రాలకూ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉన్న వేరియంట్ దొరుకుతుంది. యూనికార్న్‌కు ముందు చక్రానికే ఏబీఎస్, వెనక డ్రమ్. వారానికోసారి ఊరు దాటి వంద కిలోమీటర్లు వెళ్లేవాళ్లు, ఇంటి ముందు చదును నేల ఉన్నవాళ్లు క్లాసిక్ కొనుక్కుంటే నేను కాదనను. మొదటి రెండు నెలలు మాత్రం వెనక ఎవరినీ ఎక్కించుకోకండి.

"మరీ అంత భయమైతే 125 సీసీ చాలదా?" అని కొందరు. బరువు ప్రకారం షైన్ లాంటివి ఇంకా సుఖం. అయినా నేను 160 సీసీ యూనికార్న్ దగ్గర ఆగడానికి కారణం బ్రేకులే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి. అంతకన్నా చిన్నవాటిలో చాలావాటికి ఉండేది కాంబీ బ్రేకే, అంటే ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పడేది. మా తరం డ్రమ్ బ్రేకుల తరం. ముందు బ్రేకు పట్టుకుంటే పడిపోతామని చెప్పి మనకు బండి నేర్పారు. నిజానికి ఆగే బలం ఎక్కువగా ముందు చక్రంలోనే ఉంది. ఆ పాత భయం పోవాలంటే గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోదన్న ధైర్యం కావాలి, ఏబీఎస్ ఇచ్చేది అదే. ఖాళీ రోడ్డు మీద నలభైలో వెళ్తూ ముందు బ్రేకును కొద్దికొద్దిగా పెంచుతూ ఆపడం ఇరవైసార్లు చేశాక నా కుడిచేతికి నమ్మకం కుదిరింది.

ఇంకో జాగ్రత్త కాళ్ల గురించి. నా స్ప్లెండర్‌కు గేర్లన్నీ ముందుకే, అంటే కాలివేళ్లతో కిందికి నొక్కడమే. ఇప్పటి ఈ రెండు బండ్లకూ మొదటిది కిందికి, మిగతావి పైకి. మొదటి వారం నాలుగో గేర్‌కు వెళ్దామని ముందుకు నొక్కేసేవాణ్ణి, బండి రెండో గేర్‌లో పడి గట్టిగా గుంజేది. మా పెదనాన్న కొడుకుది ఇంకా కష్టం. ఆయన నడిపింది కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు ఉన్న పాత బుల్లెట్. కుక్క అడ్డొస్తే మొదట్లో ఎడమకాలే ముందు కదిలేది, అక్కడ ఉండేది గేరు. ఆయన రోజూ పొద్దున అరగంట కాలనీలోనే తిప్పి, ఎడమకాలిని మాన్పించాక గానీ మెయిన్ రోడ్డెక్కలేదు. ఆ అరగంటలకు బరువైన బండి పనికిరాదు.

మిగతా బండ్ల గురించి క్లుప్తంగా. రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350లో క్లాసిక్ ఇంజినే, 181 కిలోలు, సీటు 790. బుల్లెట్టే కావాలనేవాళ్లు క్లాసిక్ కన్నా ముందు దీన్ని చూడాలి. టీవీఎస్ రోనిన్ సుమారు 160 కిలోలు, మధ్యస్థం. పాత ఆర్‌ఎక్స్100 బాగుచేయించుకుందామని అడిగేవాళ్లకు ఒకటే మాట: ప్రేమ ఉంటే పెట్టుకోండి, మళ్లీ నేర్చుకునే బండిగా మాత్రం వద్దు. స్కూటర్ కూరగాయలకు మంచిదే, బండి మీద బెంగ మాత్రం తీర్చదు.

కొనేముందు లైసెన్సు తీసి చూడండి. పాత కార్డులు చాలావరకు ఇచ్చిన నాటి నుంచి ఇరవై ఏళ్లు, లేదా యాభై ఏళ్ల వయసు, ఏది ముందైతే అప్పటిదాకానే చెల్లుతాయి. గడువు దాటి ఏడాది లోపు అయితే రెన్యువల్ అవుతుంది, ఏడాది దాటితే మళ్లీ టెస్ట్ ఇవ్వాలి. నలభై దాటినవాళ్లకు డాక్టర్ సర్టిఫికెట్ కూడా కావాలి. ఆ కార్డు మీద గేరు బండి క్లాసు ఉందో లేదో కూడా చూసుకోండి.

షోరూమ్‌కు వెళ్లినప్పుడు ఇంజిన్ ఆపేసి, డబుల్ స్టాండ్ మీది నుంచి మీరే దించండి. నాలుగడుగులు వెనక్కి నెట్టండి. తర్వాత మళ్లీ స్టాండ్ వేయండి. వెనక కూర్చునే మనిషిని వెంట తీసుకెళ్లి, రోజూ కట్టుకునే బట్టల్లోనే ఎక్కి దిగమనండి. మా ఆవిడ యూనికార్న్ మీద రెండుసార్లు ఎక్కి దిగి, "ఇది కదలట్లేదు, ఇదే తీసుకోండి" అంది. అడ్వాన్సు ఆ మధ్యాహ్నమే కట్టేశాను.