ఓపికకి 18: నాలుగేళ్లు ఆడాక

నిజమైన ఆటగాళ్లతో మనమే జట్లు కట్టుకుని ఫోన్‌లో ఆడే ఈ క్రికెట్ ఆటలో నేను ప్రాణం పెట్టేది ఒకే ఒక్క పేజీకి, ఆటగాళ్ల రేటింగ్ పేజీకి. ఎనిమిది సీజన్లు వదలకుండా ఆడింది ఆ పేజీ కోసమే, ఒకసారి ఏడుపొచ్చినంత పనైందీ దానివల్లే.

డ్రాఫ్ట్ (వంతులవారీగా ఆటగాళ్లని ఎంచుకోవడం) ఎలా జరుగుతుంది, స్కోర్‌కార్డు ఎలా ఉంటుంది, ఇవన్నీ ఆడేవాళ్లందరికీ తెలిసినవే. నేను చెప్పేది ఆటగాళ్ల స్కిల్ రేటింగ్ గురించి. ఒక్కొక్కరికీ ఎనిమిది గడులు: పేస్ మీద బ్యాటింగ్, స్పిన్ మీద బ్యాటింగ్, ఓపిక, దూకుడు, బౌలింగ్‌లో లైన్, బంతి తిప్పడం, ఫీల్డింగ్, ఫిట్‌నెస్. ఒక్కో గడిలో 1 నుంచి 20 దాకా అంకె. గణాంకాలు చూసి ఆటే ఈ అంకెలు వేస్తుంది, లీగ్ నడిపేవాళ్లు కావాలంటే చేత్తో మార్చుకోవచ్చు. మా గుంటూరు లీగ్‌లో ఆ పని నాది. పది మందిమి, తలా పదిహేను మంది ఆటగాళ్లు, నాలుగు రోజుల మ్యాచ్‌లు. పైసా పందెం లేదు. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2020లోనే నిషేధించారు, అయినా మాకు ఆ యావ ముందునుంచీ లేదు.

2021 మధ్యలో మొదలుపెట్టినప్పుడు నేను మొట్టమొదట తెరిచి చూసిన పేరు హనుమ విహారి. అదే ఏడాది జనవరిలో ఆస్ట్రేలియా మీద సిడ్నీ టెస్టు ఆఖరి రోజు అతను ఆడిన ఆట ఇంకా కళ్లముందే ఉంది. తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఆడి 23 నాటౌట్. అవతల నడుం నొప్పితో అశ్విన్, 128 బంతుల్లో 39 నాటౌట్. ఇద్దరూ దాదాపు 43 ఓవర్లు నిలబడి మ్యాచ్‌ని డ్రా చేశారు. ఇండియా 131 ఓవర్లాడి 5 వికెట్లకి 334. మిర్చి యార్డులో పనిచేసే మా వాడికి ఆ స్కోరు మరి మర్చిపోయే పనిలేదు, వాడు రోజూ తూకం వేయించే మిర్చి రకాల్లో 334 ఒకటి.

అలాంటి ఇన్నింగ్స్ ఆడినవాడికి ఆట వేసిన ఓపిక ఎంతనుకున్నారు? 9. స్ట్రైక్ రేటు (వంద బంతులకి చేసే పరుగులు) తక్కువ కాబట్టి మొత్తం బ్యాటింగే తగ్గించేసింది. ఆ రాత్రి 9 చెరిపేసి 18 పెట్టాను. అలా మొదలైన పని, నెల తిరిగేసరికి 150 మందికీ నేనే రేటింగ్ వేశాను.

ఫలితం మూడో సీజన్ ఫైనల్లో కనబడింది. బ్రాడీపేటలో ఒకరి డాబా మీద పది మందిమీ ఒకే ఫోన్ చుట్టూ కూర్చున్నాం. ఆఖరి రోజు, ఆరు వికెట్లు పోయాయి, ఇంకా 50 ఓవర్లు నిలబడాలి. ఈ ఆటలో పరుగు రాని బంతికి తెర మీద బూడిద రంగు చుక్క పడుతుంది. విహారి ఆడుతుంటే ఆ చుక్కలు వరసగా పడుతూనే ఉన్నాయి, వరస నిండితే కింద ఇంకో వరస. ఎవ్వరూ మాట్లాడటం లేదు. 171 బంతులు, 19 పరుగులు, మ్యాచ్ డ్రా. నేనెప్పుడో ఒక రాత్రి వేసిన అంకె అక్కడ క్రికెట్‌లా మారి కళ్లకి కనిపించింది. అంత సంతోషం నాకు ఏ ఫోన్ ఆటలోనూ దొరకలేదు.

ఇక ఐదో సీజన్. తెల్లారితే డ్రాఫ్ట్ అనగా శనివారం రాత్రి యాప్ అప్‌డేట్ అడిగితే నొక్కాను. తెరిచి చూస్తే విహారి ఓపిక మళ్లీ 9. నా చెయ్యే తగిలిందేమో అనుకున్నాను. తర్వాతి పేరు చూశాను, ఆ తర్వాతిది చూశాను. ఒక్కటి మిగల్లేదు. 150 మంది, ఎనిమిదేసి గడులు, మొత్తం 1,200 అంకెలు. మొదటి నెలలో వేసి, రెండేళ్లుగా దిద్దుకుంటూ వచ్చిన పని. అన్నీ ఆట తన లెక్కలోకి మార్చేసుకుంది.

నా దగ్గర లాంగ్ నోట్‌బుక్కులో రాసుకున్నవి 62 మందివే. మిగతా 88 మందివి గుర్తుతెచ్చుకుని వేయాలి. యార్డు వాడికి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చేశాడు. వాడు పేరు చదవడం, నేను అంకె చెప్పడం, ఇద్దరం సరే అనుకున్నాక ఎక్కించడం. తెల్లవారుజామున మూడున్నర అయింది. ఆట నడిపే సంస్థకి రాస్తే తొమ్మిది రోజులకి జవాబొచ్చింది: సీజన్ మారితే అంకెలు మారడం మామూలేనట. చేత్తో వేసినవి నిలవాలంటే లాక్ చేసుకోవాలట. ఆ లాక్ ఫోన్‌లో కనబడదు, కంప్యూటర్‌లో తెరిస్తేనే ఉంటుంది. ముందే ఒక్క మాట రాసిపెట్టి ఉంటే పోయేది కదా!

అసలు దెబ్బ రెండు వారాల తర్వాత తగిలింది. మాలో ఒకరి ఫోన్‌లో పాత రేటింగ్‌ల స్క్రీన్‌షాట్‌లు దొరికాయి. పోల్చి చూస్తే, ఆ రాత్రి నేను మళ్లీ వేసినప్పుడు నా జట్టు వాళ్లందరికీ ఒక్కో అంకె పెరిగింది. మా ఊరి కుర్రాడు షేక్ రషీద్‌కి 16 ఉండేది 17 అయింది. 2022 అండర్-19 ప్రపంచకప్‌లో వైస్ కెప్టెన్, సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో 50, ఇవన్నీ నిజమే. కానీ అవి అండర్-19 బౌలింగ్ మీద కొట్టినవి. ఆ మొదటి 16 కూడా అభిమానంతో వేసిందే. నేను కావాలని పెంచలేదు, అయినా పెరిగింది. చేత్తో వేసే రేటింగే గొప్పదని అప్పటిదాకా అందరితో వాదించాను. ఆ రోజు నుంచి ఆ మాట కొంచెం తగ్గించి చెబుతున్నాను.

దారి చూపించింది యార్డు వాడే. "ఒరేయ్, బస్తా పైన కనబడే కాయ చూసి రేటు కడతామా? చెయ్యి లోపలికి పెట్టి తియ్యాలి. అది కూడా సరుకు తెచ్చినవాడు కాదు, కొనేవాడు తియ్యాలి" అన్నాడు. అప్పటినుంచి ఒక్కో ఆటగాడికి ముగ్గురు రేటింగ్ వేస్తారు, ఆ ఆటగాడు ఎవరి జట్టులో ఉన్నాడో వాళ్లు తప్ప. మూడు అంకెల్లో మధ్యది తీసుకుంటాం. సగటు తీస్తే ఒకడు కోపంతో 3 వేసినా లెక్క పాడైపోతుంది, మధ్యది తీస్తే ఆ గొడవ ఉండదు. రషీద్‌కి ఇప్పుడు 14. నాకు తక్కువే అనిపిస్తుంది, కానీ ఒప్పుకున్నాను.

ఒక లోటు మాత్రం ఇప్పటికీ ఉంది. పరుగులు ఎవరి మీద కొట్టారన్నది ఆట పట్టించుకోదు. 1987లో మొదలైన టెస్టు ర్యాంకింగ్‌లలోనే ఆ లెక్క ఉంది: గట్టి బౌలింగ్ మీద చేసిన పరుగులకి విలువ ఎక్కువ, ఈమధ్య ఆడిన మ్యాచ్‌లకి బరువు ఎక్కువ. వెయ్యికి లెక్కకట్టే ఆ పద్ధతిలో బ్రాడ్‌మన్ 961 దాకా వెళ్లాడు. ఇన్నేళ్ల కిందటి పద్ధతి ఈ ఆటలోకి ఇంకా రాలేదంటే నాకు బాధగానే ఉంటుంది.

తీసుకోవచ్చా అని అడిగితే, మాలాగా పదేళ్లుగా తెలిసిన పది మంది ఉండి, రాత్రి పది దాటాక షాపు కట్టేసి గంటసేపు కూర్చునే ఓపిక ఉంటే తీసుకోండి. ముక్కూమొహం తెలియనివాళ్లతో ఆడేట్టయితే ఆట వేసే అంకెలతోనే సరిపెట్టుకోండి, లేదంటే రోజూ తగాదాలే. టీ20 లీగ్‌కి కూడా అవి చాలు. అక్కడ ఓపిక గడితో పెద్దగా పని పడదు.

వచ్చే శనివారం మా తొమ్మిదో సీజన్ డ్రాఫ్ట్. నిన్న మా మెడికల్ షాపు కంప్యూటర్‌లో లాక్ వేశాను, ఒక కాపీ కూడా దించి పెట్టుకున్నాను. నోట్‌బుక్కులో ఇప్పుడు 150 పేర్లూ ఉన్నాయి. విహారి పక్కన ముగ్గురు వేసిన అంకెలు 17, 18, 18.