పాతిక నిమిషాల పద్ధతి: కేసీ కెనాల్ పుస్తకం మీద వాడి చూశాక

కర్నూలు పాతబస్తీలో మందుల షాపు నాది. పొద్దున తొమ్మిదికి షట్టరు ఎత్తితే రాత్రి పదికే దించేది. ఈ పని మధ్యలోనే కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ, చరిత్ర మీద పెద్ద పుస్తకం రాయడం పెట్టుకున్నాను. అది ఇంతదాకా వచ్చిందంటే పొమొడోరో పద్ధతి వల్లే. 1980ల చివర్లో ఫ్రాన్సిస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి వంటింటి టైమర్‌తో మొదలుపెట్టాడు దీన్ని. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, నాలుగు విడతలయ్యాక పెద్ద విరామం.

మనిషిని కూర్చోబెట్టడంలో దీనికి నూటికి నూరు. ‘ఇవాళ ఒక అధ్యాయం’ అనుకుంటే టెన్షన్‌తో పెన్ను ముట్టబుద్ధి కాదు. పాతిక నిమిషాలేగా అంటే తెల్లవారుజామున ఐదింటికైనా లేవగలం. మా ఎండలకి రాసుకునే వేళ కూడా అదే. నాలుగు విడతల లెక్క నాకెప్పుడూ కుదర్లేదు, రెండుతో సరి.

చిక్కంతా పాత కాగితాలు చదవడంలో. సుంకేసుల నుంచి కడప దాకా కాలువ తవ్విన మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సాగునీటితో పాటు పడవలూ నడపాలనుకుంది. ఆశించినంత ఆయకట్టు రాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసుకుంది. ఈ రెండు ముక్కల కోసం ఎన్ని రిపోర్టులు, ఎన్ని గెజిటీర్లు తిరగెయ్యాలో! ఎకరాల లెక్క కాస్త అంతుపట్టేసరికి గంట మోగుతుంది. టీ తాగొచ్చేలోపు అదెక్కడ ఆగిందో మర్చిపోతాం.

అందుకే చదవడాన్ని ఆదివారం మధ్యాహ్నానికి మార్చాను, టైమర్ లేకుండా. పొద్దున రాయడమే. సంవత్సరం గుర్తురాకపోతే ఎర్రపెన్నుతో ‘చూడాలి’ అని రాసి, ఖాళీ వదిలి ముందుకు పోవాలి. వెతకడానికి లేచారా, ఆ విడత గోవిందా. ఈ సవరణ చేసుకోకపోతే పద్ధతినే వదిలేసేవాణ్ణి.

ఫోన్లో టైమర్ మాత్రం వద్దు. మోగిందని చేతిలోకి తీసుకుంటే వాట్సాప్, ఐదు నిమిషాల విరామం కాస్తా అరగంట. చేత్తో తిప్పే స్ప్రింగు టైమర్ మేలు. కాకపోతే చప్పుడెక్కువ. ‘ఏందిరా పొద్దన్నే ఆ టిక్కుటిక్కు’ అని మా అమ్మ గొణిగింది. కింద టవల్ మడిచి పెడితే కొంత తగ్గింది.

ఐదుకు మూడున్నర ఇస్తాను. చిత్తుప్రతి పూర్తయి దిద్దుకుంటున్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. అధ్యాయాన్ని ఏకబిగిన చదివితేగానీ చెప్పిందే ఎక్కడ మళ్లీ చెప్పామో దొరకదు.