కింది గది అని పై గది ఇచ్చారు: కోనసీమలో మూడు రోజులు

కింది అంతస్తులోనే గది కావాలని కోనసీమలో మేము దిగబోయే విడిదివారిని ఫోన్‌లో మూడుసార్లు అడిగాను. మా అత్తగారికి 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. మూడుసార్లూ "తప్పకుండా మేడమ్, నదికి ఎదురుగా కింది గదే" అన్నారు. గదికి రాత్రికి 5,500 చొప్పున రెండు గదులు, రెండు రాత్రులు. అందులో సగం, 11,000, ముందే పంపించాం. తీరా వెళ్లాక రెండూ పై అంతస్తు గదులే ఇచ్చారు.

అసలు మేము అండమాన్ వెళ్లాలనుకున్నాం. పద్నాలుగేళ్ల మా అబ్బాయికి ద్వీపం చూడాలని పట్టుదల. ఐదుగురికి రానూపోనూ విమానం టికెట్లకే 86,500 తేలేసరికి మా వారు కాగితం మడిచి పక్కన పెట్టారు. అప్పుడు అత్తగారు అన్నారు, "ద్వీపం కోసం అంత దూరం ఎందుకమ్మా? మా కోనసీమ ద్వీపం కాదూ? ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, కింద సముద్రం." ఆవిడ పుట్టిల్లు అంబాజీపేట దగ్గర. పుట్టింటివాళ్లు ఊరు వదిలిపెట్టాక పన్నెండేళ్లుగా అటు వెళ్లలేదు. అబ్బాయి ముఖం ముడుచుకున్నాడు. వంతెనలు ఉన్నది ద్వీపం ఎలా అవుతుందని వాడి వాదన.

జనవరిలో, సంక్రాంతి రద్దీ తగ్గాక బయలుదేరాం. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లవారేసరికి రాజమండ్రి. అక్కడ మాట్లాడుకున్న కారు డ్రైవరు బత్తా, డీజిలుతో కలిపి రోజుకు 3,500. ఆ డ్రైవరు చాలా మంచి మనిషి, అత్తగారు ఎక్కేటప్పుడు దిగేటప్పుడు ముందే వచ్చి తలుపు పట్టుకునేవాడు. రావులపాలెం మీదుగా వెళ్లే జాతీయ రహదారి మీద కాకుండా ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక వైపు వెళ్లమన్నాను. మీరూ అలాగే వెళ్లండి. రావులపాలెం దారిలో ఒక వంతెన మీదుగా ద్వీపంలోకి వచ్చి ఇంకో వంతెన మీదుగా బయటికి వెళ్లిపోతారు, ద్వీపం దాటిన సంగతే తెలియదు. ధవళేశ్వరంలో అయితే గోదావరి పాయలుగా చీలడం కళ్లారా కనిపిస్తుంది. 1852లో కాటన్ కట్టించిన ఆనకట్ట ఉన్నచోటే ఈ బ్యారేజీ ఉందని చెబితే అబ్బాయి కారు ఆపించి దిగాడు. ఆ తరువాత వంతెనల వాదన మళ్లీ ఎత్తలేదు.

ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నాం. బెల్లం, జీడిపప్పువి పది ఉన్న పెట్టె 250. రోడ్డు మీది పెద్ద దుకాణాల్లో కాకుండా, బోర్లించిన కుండ మీద రేకు తీస్తున్న ఇంటికే వెళ్లి కొనుక్కోండి. తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఆ రేకును వెలుగుకు పట్టి చూసి తినడం మరిచిపోయింది. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి దర్శనం తొందరగానే అయింది.

రాజోలు దాటి ఆ విడిది గేటు దగ్గర దిగేసరికి సాయంత్రం అయిదు. కింది గదులు ఒక పెళ్లి బృందానికి ఇచ్చేశామని కౌంటరు దగ్గరి కుర్రవాడు తల ఎత్తకుండానే చెప్పాడు. పెద్దావిడ ఉన్నారని మూడుసార్లు చెప్పాను కదా, కనీసం ఫోన్ చేయవలసింది కదా అంటే, "సాయం పట్టి ఎక్కిస్తాం మేడమ్" అన్నాడు. మెట్లు పందొమ్మిది. మధ్యలో రెండుసార్లు ఆగి, గోడ పట్టుకుని ఎక్కారు మా అత్తగారు. ఒక్క మాట అనలేదు. ఆ మౌనానికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పుట్టిన సీమకు పన్నెండేళ్ల తరువాత వచ్చిన మనిషికి మొదటి సాయంత్రం దక్కిన మర్యాద అది.

గది కిటికీ తీస్తే జనరేటరు షెడ్డు. నది ఏదంటే, వరండా చివర నిలబడి కుడివైపు వంగి చూడమన్నారు. చూశాను. రెండు కొబ్బరి చెట్ల మధ్య చేటంత నీరు కనిపించింది. స్నానాల గదిలో వేడినీళ్లు లేవు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే ఇస్తామన్నారు.

రాత్రి భోజనానికి ఆవిడ మళ్లీ దిగలేరు కాబట్టి గదికే తెప్పించాం. వడ్డించే అబ్బాయి తెచ్చిన పట్టికలో పులస పులుసు, ప్లేటు 1,600 అని ఉంది. అంతవరకు నోరు మెదపని అత్తగారు అప్పుడు కళ్లజోడు సర్దుకుని అడిగారు, "బాబూ, సంక్రాంతి వెళ్లాక పులస ఎక్కడిది?" వాడు ఫ్రిజ్‌లో పెట్టినదన్నాడు. "సముద్రంలో ఉన్నంతకాలం ఆ చేప ఇలస. వరద గోదావరికి ఎదురీది వస్తేనే పులస. ఈ నేల మీద కూర్చుని ఇలసను పులసని చెప్పి అమ్మకూడదు నాయనా" అన్నారు. కోపంగా కాదు, బాధగా. వాడు పట్టిక తీసుకుని వెళ్లిపోయాడు. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత పుట్టిన చోట ఆ పేరు పెట్టి ఊరు తెలియనివాళ్లను మోసం చేయడం నాకు గదుల సంగతి కన్నా ఎక్కువ మంట పుట్టించింది. వరద రోజుల్లో తప్ప ఎవరు పులస అన్నా నమ్మకండి.

పొద్దున్నే ఖాళీ చేస్తామన్నాం. పంపిన 11,000 మొదటి రాత్రికి సరిపోయిందట, రెండో రాత్రి రద్దు చేసుకున్నందుకు ఇంకో 5,500 ఇవ్వాలట. నలభై నిమిషాలు వాదించాను. గొడవలంటే గిట్టని మా వారు కారు దగ్గరే నిలబడిపోయారు. ఆ తరువాత ఆ విషయం మీద మా ఇద్దరికీ కాస్త మాటలు నడిచాయి కూడా. చివరికి భోజనం డబ్బు 1,460 మాత్రం కట్టి వచ్చేశాం. గది నంబరు, అంతస్తు ఫోన్‌లో సందేశంగా రాయించుకోండి. కిటికీలోంచి తీసిన ఫొటో అడగండి. ఒక్క రాత్రి డబ్బుకు మించి ముందుగా పంపకండి.

అప్పనపల్లిలో గోదావరి పాయ వైనతేయ ఒడ్డున బాల బాలాజీని చూసుకుని అమలాపురం చేరి, బస్టాండుకు దగ్గరలో ఒక మామూలు లాడ్జిలో దిగాం. గది 1,900. లిఫ్టు ఉంది, వేడినీళ్లు ఉన్నాయి, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. నది కనబడదు, కనబడుతుందని వాళ్లు చెప్పనూ లేదు.

ఆ మధ్యాహ్నం డ్రైవరు ఒక ఇంటి భోజనానికి తీసుకువెళ్లాడు. పెంకుటింటి వసారాలో నాలుగు బల్లలు, బోర్డు లేదు. అరిటాకులో కంద బచ్చలి కూర వడ్డించారు. ఆవ ఘాటు ముక్కుకు తగిలేసరికి అత్తగారు చేయి ఆపి కాసేపు అలాగే కూర్చున్నారు. వాళ్లమ్మ ఆవను పొయ్యి దించాకే కలిపేదట, ఇక్కడా అలాగే కలిపారట. ముక్కల పులుసు, కంది పచ్చడి, వెన్న కాచిన నెయ్యి, మీగడ కట్టిన పెరుగు. రొయ్యల ఇగురు విడిగా ప్లేటు 140, రెండు తెప్పించుకున్నాం. భోజనం 160. ఐదుగురికీ కలిపి 1,080 అయింది. పచ్చడి తినని మా అమ్మాయి కంది పచ్చడి రెండోసారి అడిగి వేయించుకుంది. వడ్డించిన ఆవిడ అత్తగారి ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, తోడికోడలి తరఫు చుట్టరికం ఒకటి పట్టుకున్నారు. ఇక అక్కడి నుంచి లేవడానికి నాలుగయింది.

మర్నాడు పొద్దున అంబాజీపేటలో పనసాకు బుట్టల్లో ఉడికిన ఇడ్లీలు, అదే పొట్టిక్కలు తిన్నాం. ఆకు వాసన పిండికి పట్టి ఉంటుంది, వేడి మీదే తినాలి. గన్నవరం అక్విడెక్టు దగ్గర కింద వైనతేయ, దాని మీదుగా కాలువ పారడం చూసి అబ్బాయి పది నిమిషాలు కదలలేదు.

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకున్నాం. 2020లో పాత రథం కాలిపోయాక చేయించిన కొత్త రథాన్ని చూసి అత్తగారు చాలాసేపు దండం పెట్టుకున్నారు. వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు పిల్లలను తీసుకెళ్లాం. నీళ్లలోకి మాత్రం దింపకండి, అక్కడ లాగుడు ఎక్కువ. మాఘమాసంలో శుద్ధ దశమి రాత్రి స్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఆ రోజుల్లో ముసలివాళ్లతో వెళ్లకపోవడమే మంచిది, జనసముద్రం.

తిరుగు రైలు నరసాపురంలో. సఖినేటిపల్లి రేవులో కారుతో సహా పంటు, అంటే బండ్లను కూడా ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కాం. అండమాన్ కోసం అలిగిన మా అబ్బాయి పంటు అంచున నిలబడి, వెనక్కి జరిగిపోతున్న కొబ్బరి చెట్లను ఫోన్‌లో తీస్తూనే ఉన్నాడు. అత్తగారు కారులో కూర్చుని ఫోన్ మాట్లాడుతున్నారు. అటువైపు భోజనం పెట్టిన ఆవిడ. వరద నీరు ఎర్రబడి మొదటి పులస దొరికిన రోజు తప్పకుండా కబురు చేస్తానంటున్నారట. "మెట్లు లేని ఇల్లమ్మా మాది, లాడ్జీ ఎందుకు, తిన్నగా మా ఇంటికే దిగండి" అని కూడా అన్నారట.